టమాటా సూప్ పుల్లగా, నీళ్ళనీళ్ళగా ఎందుకు వస్తుంది? ఇంట్లో కుదరాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నలో మూడు బాధలు కనిపిస్తున్నాయి. టమాటాలు నీళ్ళలో ఉడికించి, తొక్క వలిచి, మిక్సీ పట్టి చేస్తే సూప్ పుల్లగా, పచ్చివాసనతో, చారుకీ సూప్‌కీ మధ్య ఏదోలా వస్తోంది. పులుపు తగ్గుతుందని పాలు పోస్తే విరిగిపోయింది. ముసురు పట్టిన సాయంత్రం, లేదా జ్వరం తగ్గాక నోరు చప్పబడినప్పుడు హాయిగా తాగేలా రావడం లేదు. హోటల్ వంటిళ్ళలోనూ కేటరింగ్‌లోనూ ఈ సూప్ చాలా ఏళ్ళు కాచాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

అసలు లోపం మీరు నీళ్ళు పోసే వేళలో ఉంది. టమాటా సూప్ అనగానే గిన్నెలో నీళ్ళు పెట్టి అందులో టమాటాలు వేసేస్తారు. అలా కాదు. ముందు దాన్ని కూర అనుకోండి. వెన్నలో, నూనెలో, తన రసంలో తనే మగ్గి, ముద్ద కట్టి, అంచుల్లో నూనె తేలాలి. నీళ్ళు పోసి సూప్ చేయాల్సింది అప్పుడే. ఈ ఒక్క మార్పుతో మీ మూడు బాధల్లో రెండు పోతాయి. పాల సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎందుకంటే, టమాటాకి ఉండే ఆ ఆకుపచ్చ పచ్చివాసన ఆవిరితో పోయేది. మూత తీసి, తక్కువ రసంలో మగ్గిస్తే త్వరగా పోతుంది. లీటరు నీళ్ళలో మూతపెట్టి ఉడికిస్తే అది ఆ నీళ్ళలోనే తిరుగుతూ ఉంటుంది. ఇంకొకటి, టమాటాకి ఎరుపునిచ్చే లైకోపిన్ నీళ్ళలో కరగదు, నూనెలో, వెన్నలో కరుగుతుంది. అందుకే కొవ్వులో మగ్గిన టమాటాకి ఆ ఎర్రటి నిగారింపు వస్తుంది, నీళ్ళలో ఉడికింది పాలిపోయి ఉంటుంది.

పులుపు గురించి మాత్రం ఒక అపోహ ఉంది. ఎక్కువసేపు మరిగిస్తే పులుపు పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. టమాటాలో ఉండే సిట్రిక్ ఆమ్లం ఆవిరయ్యేది కాదు. నీళ్ళు ఇంకేకొద్దీ పులుపు ఇంకా చిక్కబడుతుంది కూడా. మనం చేయగలిగిందల్లా దానికి జోడీ కుదర్చడం: ఉల్లిపాయ తీపి, క్యారెట్ తీపి, వెన్న, సరిపడా ఉప్పు. ఇవి పక్కన చేరితే అదే పులుపు నాలుకకి గుచ్చుకోకుండా రుచిగా తగులుతుంది.

ఇక టమాటాల ఎంపిక. మన మార్కెట్లో దొరికేవి రెండు రకాలు. గుండ్రంగా, కాస్త సొట్టలుగా, పలుచని తొక్కతో, రసం ఎక్కువ ఉండేది నాటు టమాటా. కోలగా, గట్టిగా, తళతళలాడుతూ ఉండేది హైబ్రిడ్, కొన్ని ఊళ్ళలో బెంగళూరు టమాటా అంటారు. నాటుకి పులుపూ రుచీ ఎక్కువ. హైబ్రిడ్‌కి కండ ఎక్కువ, పులుపు తక్కువ. మదనపల్లె లాంటి మార్కెట్ల నుంచి లారీల్లో దూరాలు వెళ్ళే కాయని గట్టిగా, దోరగా ఉన్నప్పుడే కోస్తారు, లేకపోతే దారిలో నలిగిపోతుంది. దాన్ని తెచ్చిన రోజే సూప్ చేస్తే రుచి రాదు. రెండు మూడు రోజులు బుట్టలో బయటే ఉంచండి, వేలితో నొక్కితే మెత్తగా దిగేదాకా. దోర కాయని ఫ్రిజ్‌లో పెడితే పండడం ఆగిపోతుంది, వాసన కూడా చచ్చిపోతుంది. నేనైతే సగం నాటు, సగం హైబ్రిడ్ కలుపుతాను. ఒకటే దొరికితే బాగా పండిన నాటుకే నా ఓటు. పులుపుని సర్దొచ్చు, లేని రుచిని తేలేం కదా.

నలుగురికి కొలతలు చెబుతాను. టమాటాలు ముప్పావు కిలో. మధ్యరకం ఉల్లిపాయ ఒకటి. చిన్న క్యారెట్ ఒకటి, వేలెడంత చాలు. వెల్లుల్లి రెబ్బలు నాలుగైదు. వెన్న ఒక పెద్ద చెంచా, దానితో పాటు ఒక చిన్న చెంచా నూనె. బిర్యానీ ఆకు సగం ముక్క, మిరియాలు ఎనిమిదో పదో. కొత్తిమీర కాడలు ఒక గుప్పెడు. ఆకులు కాదు, కాడలు. హోటళ్ళలో ఈ కాడల బదులు సెలెరీ అనే ఘాటు వాసన ఉండే కాడలు వేస్తారు. మన ఇళ్ళలో అది ఎప్పుడూ ఉండదు, కొత్తిమీర కాడ ఆ లోటు చాలావరకు తీరుస్తుంది. నీళ్ళు రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు. ఉప్పు ముప్పావు చెంచాతో మొదలుపెట్టి చివర్లో సరిచూసుకోండి. చక్కెర ఒక చెంచా దగ్గర పెట్టుకోండి, మొత్తం వాడాల్సిన అవసరం రాకపోవచ్చు.

గిన్నె స్టీలుదైతే మంచిది, అడుగు మందంగా ఉండాలి. అల్యూమినియం గిన్నెలో, ఇనుప మూకుడులో ఇంతసేపు పులుపు ఉడికితే సూప్‌కి లోహం రుచి వస్తుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నె అసలే వద్దు.

నూనె వేసి, అందులో వెన్న కరిగించండి. నూనె లేకుండా వెన్న ఒక్కటే వేస్తే త్వరగా మాడుతుంది. బిర్యానీ ఆకు, మిరియాలు వేసి అవి చిటపటమనకముందే ఉల్లిపాయ ముక్కలు వేయండి. పైన చిటికెడు ఉప్పు. ఇక్కడ తొందర వద్దు, సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. మన కూరలకి చేసినట్టు ఎర్రగా వేయించకూడదు, గాజులా మారి మెత్తబడితే చాలు. ఎర్రబడితే సూప్‌కి కుర్మా వాసన వస్తుంది. తర్వాత వెల్లుల్లి, పలుచగా తరిగిన క్యారెట్ వేసి రెండు నిమిషాలు కలపండి. క్యారెట్ మందంగా తరిగితే టమాటా అయిపోయాక కూడా అది ఉడకదు, మిక్సీలో నలగక జల్లెడలో మిగిలిపోతుంది.

ఇప్పుడు టమాటాలు. తొడిమ దగ్గరి గట్టి ముక్క, పసుపుపచ్చగా ఉండే భుజాలు తీసేసి నాలుగు ముక్కలు చేయండి. తొక్క తీయొద్దు, గింజలు తీయొద్దు. గింజల చుట్టూ ఉండే జిగురు చాలామంది పారేస్తారు, నిజానికి టమాటాలో రుచి గాఢంగా ఉండేది దానిలోనే. మాంసం పులుసుకి, పుట్టగొడుగులకి ఉండే ఆ కమ్మదనాన్ని ఇచ్చే గ్లూటమేట్ కండలో కన్నా ఆ జిగురులో ఎక్కువ. గింజల్నీ తొక్కల్నీ చివర్లో జల్లెడ పడతాం, అప్పటిదాకా ఉండనివ్వండి. మరో మాట, తరిగిన టమాటాలని గంటలకొద్దీ గిన్నెలో వదిలేయకండి. కోసిన వెంటనే వేడి తగిలితే సూప్ చిక్కగా వస్తుంది. కోసి అలాగే ఉంచితే దానిలో చిక్కదనాన్నిచ్చే పెక్టిన్‌ని టమాటాలోని ఎంజైములే విరగ్గొట్టేస్తాయి. కెచప్ ఫ్యాక్టరీల్లో కూడా అందుకే నలిపిన పండుని వెంటనే వేడిచేస్తారు.

టమాటాలు, మిగతా ఉప్పు, కొత్తిమీర కాడలు వేసి మూతపెట్టి అయిదు నిమిషాలు. మూత తీసి చూస్తే ముక్కలు మునిగేంత రసం ఊరి ఉంటుంది. ఇక మూత పెట్టొద్దు. మధ్యస్థంగా సెగ పెట్టి, అప్పుడప్పుడు గరిటెతో అదుముతూ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు మగ్గించండి. ఇక్కడ గడియారం కన్నా గిన్నెని చూడండి. ముందు నురగ వస్తుంది, లేత గులాబీ రంగులో. అది అణిగిపోతుంది. తొక్కలు చుట్టలు చుట్టుకుని విడిపోతాయి. బుడగలు చిన్నచిన్నవి మాని, పెద్దవై ‘బుడుక్ బుడుక్’ అంటూ పేలుతాయి. గరిటెతో అడుగున గీత గీస్తే రసం వెంటనే వచ్చి కలవదు, ఒక క్షణం గిన్నె అడుగు కనబడుతుంది. అంచుల్లో నారింజ రంగు నూనె పొర కనిపిస్తుంది. వాసన చూస్తే పచ్చి టమాటా కాదు, టమాటా పచ్చడి మగ్గుతున్న వాసన రావాలి. అది వచ్చిందంటే అయింది.

అప్పుడు వేడి నీళ్ళు రెండు గ్లాసులు పోయండి. చన్నీళ్ళు పోస్తే ఘోరమేమీ జరగదు, మళ్ళీ మరగడానికి టైమ్ పడుతుంది, అంతే. ఎనిమిది, పది నిమిషాలు సన్నగా మరగనిచ్చి దించేయండి. బిర్యానీ ఆకు గుర్తుగా తీసేయండి, మిక్సీలో పడితే చేదు.

మిక్సీ దగ్గర జాగ్రత్త, ఇది రుచి కోసం చెబుతున్నది కాదు. మరుగుతున్న సూప్‌ని జార్ నిండా పోసి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి ముఖం మీదికి వస్తుంది. ఇలా చేతులు కాల్చుకున్నవాళ్ళని వంటింట్లో చూశాను. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి. ఆగలేకపోతే జార్‌లో సగానికి మించి పోయకుండా, మూత మధ్యలో చిన్న బిరడా ఉంటే తీసేసి, పైన మడతపెట్టిన గుడ్డ అదిమిపట్టి, చిన్న స్పీడ్‌లో మొదలుపెట్టండి. ఎక్కువసేపు తిప్పక్కర్లేదు. గింజలు పిండి అయ్యేదాకా తిప్పితే చేదు దిగే అవకాశం ఉంది.

జల్లెడ పట్టడం విసుగు పనే. కానీ దాన్ని మానేస్తే మీకు వచ్చేది టమాటా గుజ్జు. సూప్ నాలుక మీద మెత్తగా జారేది ఈ పని వల్లే. టీ వడపోసే జాలి మరీ సన్నం, సగం సూప్ పైనే ఉండిపోతుంది. పిండి జల్లించే స్టీలు జల్లెడ సరిపోతుంది. గరిటె వెనకవైపుతో గుండ్రంగా రుద్దండి. చివరికి గుప్పెడు తొక్కలూ గింజలూ పొడిగా మిగలాలి. అవి ఇంకా తడిగా, ఎర్రగా ఉంటే మీ సూప్ అక్కడే ఉండిపోయిందన్నమాట, ఇంకాస్త రుద్దండి. జల్లెడ అడుగున అంటుకున్న చిక్కటి గుజ్జుని కూడా గీకి కలపండి.

మిక్సీ నుంచి తీసినప్పుడు రంగు చూసి టెన్షన్ పడకండి. గాలి, వెన్న కలిసిపోయి నారింజ రంగులో నురగగా ఉంటుంది. మళ్ళీ స్టవ్ మీద పెట్టి అయిదు నిమిషాలు సన్నగా మరిగిస్తే నురగ అణిగి ఎరుపు తిరిగొస్తుంది. ఇది తెలియకే చాలామంది రంగు కోసం బీట్‌రూట్ వేస్తారు. వేస్తే తప్పులేదు, గోటి ముక్కంత వేయండి. కాస్త ఎక్కువైనా రాణి రంగు, మట్టి వాసన వస్తాయి. ఫంక్షన్లలో కనిపించే ఆ మెరిసే ఎర్ర సూప్‌లో తరచూ ఉండేది ఫుడ్ కలర్. ఇంట్లో దానికి పోటీ పెట్టుకోకండి.

రుచి సరిచూసే వరస కూడా ముఖ్యమే. ముందు ఉప్పు. ఉప్పు తక్కువైన సూప్ పుల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. మీరు పులుపు అనుకున్నదాంట్లో సగం ఉప్పులేమి కావచ్చు. ఉప్పు సరిపోయాక కూడా పులుపు గుచ్చుతుంటే చక్కెర పావు చెంచా వేసి, కలిపి, మళ్ళీ రుచి చూడండి. ఇలా పావు పావు చెంచాగా వెళ్ళండి. తీపి తెలిసిందంటే దాటిపోయినట్టే. బెల్లం వేస్తే రంగు మందగిస్తుంది, చారు వాసన కూడా వస్తుంది. నాటు టమాటా మరీ పుల్లటిదైతే రెండు వేళ్ళ మధ్య పట్టినంత వంటసోడా వేయొచ్చు. బుస్సున పొంగి అణిగిపోతుంది. సోడా నిజంగానే ఆమ్లాన్ని విరుస్తుంది, చక్కెరలా కప్పిపెట్టదు. కానీ ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, దానికి విరుగుడు లేదు.

చిక్కదనం చాలకపోతే కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న చెంచా, చన్నీళ్ళలో కలిపి, మరుగుతున్న సూప్‌లో పోసి రెండు నిమిషాలు ఉడికించండి. అంతకన్నా ఎక్కువ వేస్తే చల్లారగానే మీద పొర కడుతుంది. పెళ్ళి కౌంటర్ల దగ్గర గరిటెకి అంటుకుని జారే సూప్ అదే. నాకు కార్న్‌ఫ్లోర్ కన్నా మరో రెండు పద్ధతులు ఇష్టం. ఒకటి, టమాటాలతో పాటే గుప్పెడు ఎర్ర కందిపప్పు, అదే మసూర్, కడిగి వేయడం. ఇలాగైతే నీళ్ళు ముందే ఒక గ్లాసు పోయక తప్పదు, పప్పు ఉడకాలి కదా. రాత్రికి సూపే భోజనం అనుకునేవాళ్ళకి ఇది బాగుంటుంది. రెండోది, అంచులు తీసిన ఒక బ్రెడ్ ముక్కని మిక్సీలో సూప్‌తో పాటే వేసేయడం. ఎవరూ కనిపెట్టలేరు.

ఇప్పుడు పాల సంగతి. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గర గడ్డకడుతుంది. టమాటాల పీహెచ్ కూడా దాదాపు అక్కడే, చాలాసార్లు అంతకన్నా కింద ఉంటుంది. పైగా వేడి. విరగకపోతేనే వింత. మీ చేతి తప్పేం లేదు. పాలకి బదులు క్రీమ్ వాడండి. ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 25 శాతం, ప్రోటీన్ తక్కువ, అందుకే తట్టుకుంటుంది. అయినా మరుగుతున్న సూప్‌లో పోయొద్దు. స్టవ్ కట్టేసి, రెండు పెద్ద చెంచాల క్రీమ్‌లో ముందు ఒక గరిటె సూప్ కలిపి, ఆ మిశ్రమాన్ని గిన్నెలో పోయండి. తర్వాత మరిగించొద్దు. ఇంటి మీగడైతే ఆ రోజుదే కావాలి, గిలక్కొట్టి జాలిలో వడపోయాలి. రోజుల తరబడి వెన్న కోసం దాచిన మీగడ అప్పటికే కొంచెం పులిసి ఉంటుంది, పనికిరాదు.

లేదు, పాలే ఉన్నాయంటారా, దారి ఉంది. ఒక చెంచా వెన్నలో ఒక చెంచా మైదా రంగు మారకుండా వేయించి, కప్పు పాలు కొద్దికొద్దిగా పోస్తూ వైట్ సాస్ చేయండి. పిండి ఉడికి పాల ప్రోటీన్‌ని విడివిడిగా పట్టి ఉంచుతుంది, గడ్డకట్టనివ్వదు. టమాటా గుజ్జుని ఆ సాస్‌లో గరిటెడు గరిటెడుగా కలపండి. సాస్‌ని సూప్‌లో గుమ్మరించొద్దు. అమెరికాలో ఉన్నవాళ్ళకి క్యాంప్‌బెల్స్ డబ్బా సూప్ తెలిసే ఉంటుంది. 1897లో మొదలైన ఆ కండెన్స్‌డ్ (నీళ్ళు తగ్గించి చిక్కబరిచిన) సూప్‌ల వరసలో టమాటా కూడా ఉంది. దానిలో పాలు పోసి కాస్తే విరగకపోవడానికి ఒక కారణం అందులో ఉండే గోధుమ పిండి. పాల పదార్థాలు పడనివాళ్ళు వెన్నకి బదులు నూనెతో మొదలుపెట్టి, ఆరేడు నానబెట్టిన జీడిపప్పుల్ని మిక్సీలో కలిపి తిప్పితే చాలు. కొబ్బరిపాలు పోయమని కొందరు అంటారు. రుచి బాగానే ఉంటుంది, కానీ అది వేరే సూప్.

కుక్కర్‌లో చేయొచ్చా అంటే, చేయొచ్చు. ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు గిన్నె దగ్గర నిలబడలేం. పైన చెప్పినట్టే ఉల్లిపాయ మగ్గించి, టమాటాలు వేసి, నీళ్ళు పావు గ్లాసు మాత్రమే పోసి రెండు విజిల్స్ రానివ్వండి. కుక్కర్‌లో ఆవిరి బయటికి పెద్దగా పోదు కాబట్టి పచ్చివాసన కొంత లోపలే ఉంటుంది. మూత తీశాక ఏడెనిమిది నిమిషాలు తెరిచి మరిగించి, ఆ తర్వాత నీళ్ళు పోస్తే చాలావరకు సర్దుకుంటుంది.

విదేశాల్లో ఉండేవాళ్ళు చలికాలంలో తాజా టమాటాల కోసం తాపత్రయపడకండి, వాటిలో రంగు తప్ప ఏమీ ఉండదు. డబ్బాలో వచ్చేవి పండాక కోసినవి. 28 ఔన్సుల డబ్బా దాదాపు 800 గ్రాములు, పై కొలతకి సరిగ్గా సరిపోతుంది. అయితే ముక్కలు చేసినవి కాకుండా మొత్తం కాయలు ఉన్న డబ్బా కొనండి. ముక్కలు కరగకుండా ఉండాలని క్యాల్షియం క్లోరైడ్ కలుపుతారు, అది ఉన్నవి ఎంత ఉడికించినా మెత్తబడవు. కొన్ని కంపెనీలు మొత్తం కాయల్లోనూ కలుపుతాయి, లేబుల్ చూసుకోండి. డబ్బాలో ఉప్పు ముందే ఉందేమో కూడా చూడండి.

ఇక్కడ ధర మండిపోయినప్పుడు, 2023 జూలైలో కిలో 150 దాటిందే, అలాంటప్పుడు టమాటాలు సగానికి తగ్గించి ఆ మేరకు తీపి గుమ్మడికాయ వేయండి. రంగు, చిక్కదనం, తీపి మూడూ వస్తాయి. పులుపు తగ్గితే చివర్లో నిమ్మరసం రెండు చుక్కలు.

పైన వేసుకోవడానికి బ్రెడ్ ముక్కల్ని నేతిలో సన్నని సెగ మీద కరకరలాడేదాకా వేయించి, సూప్ గిన్నెల్లో పోశాక మాత్రమే వేయండి. బ్రెడ్ లేకపోతే మరమరాలు కాస్త వెన్నలో మిరియాల పొడితో వేయించి చల్లుకోండి, పిల్లలకి ఇదే ఎక్కువ నచ్చుతుంది. రాజధాని రైల్లో సూప్ స్టిక్స్‌తో ఇచ్చే సూప్ రుచి గుర్తొచ్చి అదే కావాలనిపిస్తే, ఇంత శ్రమ అక్కర్లేదు. మైదా, కార్న్‌ఫ్లోర్, చక్కెరతో చేసిన ప్యాకెట్ పొడి తెచ్చి వేడినీళ్ళలో కలిపితే దాదాపు ఆ రుచే వస్తుంది. దానిలో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు చూసుకోవాలి.

జ్వరం తగ్గినవాళ్ళకి చేస్తుంటే క్రీమ్ మానేసి, వెల్లుల్లి రెండు రెబ్బలు, చిన్న అల్లం ముక్క ఎక్కువ వేయండి. మిరియాలు మిక్సీలో నలిగితే ఘాటు బాగానే దిగుతుంది, చిన్నపిల్లలకైతే ముందే ఏరేయండి. గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి మాత్రం ఎంత క్రీమ్ వేసినా టమాటా టమాటానే. రాత్రి పడుకోబోయే ముందు ఇవ్వకండి, గుమ్మడికాయ ఎక్కువ, టమాటా తక్కువగా చేసి సాయంత్రమే ఇచ్చి చూడండి. మిగిలిన సూప్ దాచాలంటే క్రీమ్ కలపకముందే తీసి పెట్టుకోండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, కావలసినంత వేడి చేసుకుని క్రీమ్ అప్పుడు కలుపుకోవచ్చు. రెండో రోజుకి చిక్కబడితే పావు గ్లాసు వేడినీళ్ళు పోసి, ఉప్పు మళ్ళీ చూసుకోండి.